పన్నెండో మనిషి

సెల్బీ గ్రోవ్,
మంగళవారం పొద్దున.

నా బంగారు తల్లి మరెన్‌కు,

నాన్న మనసారా దీవించి రాస్తున్నాడు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ రాస్తాను కదా, కాగితం తీయగానే చెయ్యి దానంతటదే రాసేస్తుంది. అక్టోబరులో అమ్మకు పక్షవాతం వచ్చినప్పటినుంచి అది రాసినప్పుడల్లా అబద్ధమాడుతున్నట్టే ఉండేది. ఇవాళ అలా లేదు. ఇవాళ రాసి, కలం ఆపి, మళ్ళీ ఓసారి చదువుకున్నాను. క్షేమం తల్లీ! చాలా క్షేమం! సంతోషం పట్టలేక పొద్దున్నే కోళ్ళ గూటి దగ్గర ఒక్కడినే నిలబడి నవ్వాను. కోళ్ళు నావైపు వింతగా చూశాయి.

నువ్వు మాత్రం ఈ సమయానికి నవ్వే స్థితిలో ఉండవని తెలుసు. పొద్దున రేడియోలో విన్నాను. నువ్వు ప్రచారం చేస్తున్న గవర్నర్ థర్లోకు మన రాష్ట్రంలో నాలుగో స్థానం. నిన్న రాత్రీ, ఇవాళ పొద్దున్నా మీ ఆఫీసుకు ఫోన్ చేశాను, లైను ఖాళీ లేదు. ఓ అమ్మాయి మాత్రం ఒకసారి ఎత్తి, "మరెన్ మీటింగులో ఉంది, మీరెవరు?" అంది. "వాళ్ళ నాన్నని" అన్నాను. "ఏ పేపరు?" అంది. పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. పోస్టాఫీసులో అడిగాను, న్యూ హాంప్‌షైర్‌కు మూడు రోజుల్లో చేరుతుందట. అక్కడ ఓట్లు వచ్చే మంగళవారం కదా, ఈలోపే నీ చేతికి వస్తుంది. ఎందుకంత సంతోషమో వరసగా చెబుతాను. చివరికి దూకకు. చిన్నప్పుడు కథ పుస్తకాలు వెనకనుంచి చదివే అలవాటు నీది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మంచు బాగానే పడింది, కంచె సగం మునిగింది. నా మోకాలు ఎప్పటిలాగే ఉంది, దాని సంగతి వదిలెయ్. నువ్వు పంపిన ఉన్ని మేజోళ్ళు అమ్మకు సరిపోయాయి. మాటలు నేర్పే ఆవిడ గురువారాలు వస్తోంది. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటుంది. అమ్మ ఒక్కొక్క మాటా చెబుతోంది. నీళ్ళు. చాలు. చలి. అన్నిటికన్నా బాగా వచ్చిన మాట "కాదు". అది మాత్రం పక్షవాతానికి ముందుకన్నా స్పష్టంగా పలుకుతోంది. రెండు మాటలు కలిపి చెప్పడం మాత్రం రావడం లేదని పోయిన గురువారం ఆవిడ నన్ను గుమ్మం దాకా పిలిచి చెప్పింది. "ఆశ వదలకండి, కానీ ఇంతేనేమో అనుకుని కూడా ఉండండి" అంది. ఆ మాట నీకు అప్పుడు రాయలేదు. నువ్వక్కడ ఊపిరాడనంత పనిలో ఉన్నావు, రాసి ఏం చేయను?

ఇంకో ప్రశ్న అడిగావు. నా ఉత్తరాల్లో చివర "అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది" అని ఉంటుందే, అది నిజంగా అమ్మ అంటోందా, నువ్వే రాస్తున్నావా నాన్నా అని. దానికి జవాబు తర్వాత చెబుతాను.

నువ్వు పోయిన ఉత్తరంలో రాసిన లెక్కల సంగతి నాకు బాగా అర్థమైందమ్మా. మన బడి చదువు ఎంతని? అయినా అర్థమైంది. దేశంలో మొట్టమొదట మన రాష్ట్రంలోనే కాకస్, అంటే వార్డు జనమంతా ఒక చోట చేరి తమకు కావలసిన అభ్యర్థి మూలలో నిలబడే సభ, జరుగుతుంది, ఇక్కడ ఎవరు గెలిచారన్నది అంత ముఖ్యం కాదు, జనం అనుకున్నదానికన్నా ఎవరు బాగా చేశారన్నదే ముఖ్యం అని రాశావు. అది మన జిల్లా సంతలో దూడల పోటీ లాంటిదే కదా! అందరూ మొదటి బహుమతి అనుకున్న దూడకు రెండోది వస్తే, యజమాని మొహం ఎర్రగా చేసుకుని తాడు పట్టుకుని ఇంటికి పోతాడు. ఎవరూ చూడని బక్క దూడకు మూడోది వస్తే, దాని చుట్టూ జనమే జనం. కాఫీ కొట్లో ఇదే చెప్పాను. పక్కన కూర్చున్న ఎమ్మెట్ డోలన్, "అయితే మీ గవర్నరు బక్క దూడా ఓరిన్?" అన్నాడు. అందరూ నవ్వారు. "బక్కదే, కానీ కాళ్ళు గట్టివి" అన్నాను. ఇంకాస్త నవ్వారు.

మూడో స్థానం వస్తే న్యూ హాంప్‌షైర్‌లో తలుపు తెరుచుకుంటుంది, నాలుగైతే విరాళాలిచ్చేవాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేస్తారు, విలేకరులు వేరే విమానం ఎక్కుతారు అని రాశావు. జ్వరం చూసే గొట్టంలా కొన్ని వార్డుల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచావనీ, అందులో మనదొకటనీ రాశావు. "నాన్నా, మన వార్డు బడి హాలులో గవర్నర్ మూలకు నూటికి పదిహేనుమంది వస్తే మేం బతికినట్టే, అంతకు తగ్గితే ఆ మూల ఎత్తేసి మనుషుల్ని వేరే మూలలకు పంపేస్తారు, మిగతా చోట్లా అంతే అనుకోవాలి" అన్నావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో! నా కూతురు దేశానికి అధ్యక్షుడు ఎవరు కావాలో లెక్క కడుతోంది, ఆ లెక్కలో ఒక అంకె నా చేతిలో పెట్టింది!

ఇక చూసుకో. జనవరి అంతా నేను ఇంట్లో ఉన్నది తక్కువ. బూట్లు వేసుకోవడం, పికప్ తీయడం, తలుపులు తట్టడం. అమ్మ దగ్గర హేజల్ క్రూమ్ కూర్చునేది, మన వెనక వీధి హేజల్. తనేమో సెనేటర్ కెస్లర్ తరఫు. మొదటి రోజే చెప్పేసింది, "ఏమయ్యా ఓరిన్, నువ్వు నా ఇంటి తలుపు తట్టకు, నేను కాఫీ ఇవ్వను. నీ పెళ్ళాన్ని మాత్రం చూసుకుంటాను పో." అలా వెళ్ళేవాణ్ణి. పాల ధర మీద గవర్నరు ఏమంటాడని పదిమంది అడిగారు. నువ్వు పంపిన కాగితంలో ఉన్నది చదివేవాణ్ణి. "ఇది నీకు అర్థమైందా?" అనేవాళ్ళు. "లేదు, కానీ నా కూతురికి అర్థమైంది" అనేవాణ్ణి. నిజం చెప్పనా, ఆ జవాబుకే నలుగురు వచ్చారు.

ఆదివారం నాటికి నాతో కలిపి నా వైపు పదకొండు మంది గట్టిగా ఉన్నారు. పన్నెండో మనిషి ఎమ్మెట్. పదమూడోది మీ అమ్మ. డెబ్బై పైచిలుకు వస్తారని టీచరమ్మ బెర్నడీన్ అంచనా, ఈ ఏడు కూడా సభకు పెద్ద ఆవిడే. అంటే పదకొండో పన్నెండో కావాలి. నా దగ్గర పదమూడు. నిద్ర బాగా పట్టింది.

సోమవారం సాయంత్రం అమ్మను తయారు చేశాను. పక్షవాతం వచ్చాక ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు కదా. కోటు వేసి, గుండీలు పెట్టి, "లోర్నా, బడికి వెళ్దాం, కాకస్" అన్నాను. కాదంటుందనుకున్నాను. నా మొహం కేసి చూసి తనే కర్ర అందుకుంది. పికప్‌లో మోకాళ్ళ మీద దుప్పటి కప్పాను. దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది, ఊరు కొత్తగా కట్టినట్టు.

బడి ఆటల హాలు నీకు గుర్తుందిగా? అలాగే ఉంది, అదే వాసన. గోడలకు అభ్యర్థుల పేర్లు అంటించారు, ఎవరి మూల వారిది. మనది బాస్కెట్‌బాల్ రింగు కింద. నేను ఇంట్లో చేసిన బెల్లం బిస్కెట్లు ఓ పళ్ళెంలో పెట్టాను. ఏం చూసి తిన్నారో కానీ మాడినవి కూడా అయిపోయాయి. కెస్లర్ మూల హీటరు పక్కన పడింది, ఆ వరసలోనే కుర్చీలూ ఉన్నాయి. అమ్మకు చలిగా ఉందని తీసుకెళ్ళి హేజల్ పక్కన కూర్చోబెట్టాను. "రెండు నిమిషాలు చూడమ్మా, నా వాళ్ళను పోగేసుకుని వస్తా." హేజల్ తన పెద్ద కోటు తీసి అమ్మ ఒళ్ళో కప్పింది. "నీ వాళ్ళా? అందరూ బిస్కెట్ల కోసం వచ్చారు" అంది.

ఏడు అయ్యేసరికి ఎమ్మెట్ రాలేదు. నేను గుమ్మం వైపే చూస్తున్నాను. బెర్నడీన్ తలుపు దగ్గరికెళ్ళి, బయట వరసలో ఇంకెవరూ లేరని చూసి మూసేసింది. మూసిన రెండు నిమిషాలకే కిటికీలోంచి లారీ లైట్లు కనబడ్డాయి. ఎమ్మెట్! వాడి పంది ఈనుతోందట, చివరి పిల్ల అడ్డం తిరిగిందట. చేతులు మోచేతుల దాకా కడుక్కోకుండానే వచ్చాడు.

"టీచరమ్మా, రెండు నిమిషాలే కదా!"

"ఏడంటే ఏడు, ఎమ్మెట్. నాలుగో తరగతిలో కూడా నీకు ఇదే చెప్పాను."

"పందికి చెప్పండి ఆ మాట!"

హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాడిని గోడ పక్కన నిలబడి చూడమన్నారు. లెక్కలోకి రాడు. నేనేం చేయను? సరే, ఇంకా మీ అమ్మ ఉంది కదా అనుకున్నాను.

అందరినీ తమ తమ మూలలకు వెళ్ళమన్నారు. నా రింగు కిందికి పదకొండు మంది వచ్చారు; అమ్మను చివర్లో తెచ్చుకుందామని హీటరు దగ్గరే ఉంచాను. బెర్నడీన్ హాలంతా తిరిగి తలలు లెక్కపెట్టింది. డెబ్బై మూడు. బోర్డు మీద సుద్దముక్కతో వేసి చూపించింది. నూటికి పదిహేను లెక్కన డెబ్బై మూడుకు పదకొండు కన్నా ఒక పిసరు తక్కువ. అంటే పదకొండు మంది ఉంటే చాలు. "థర్లో మూల, పదకొండు. నిలిచారు" అంది.

తల్లీ, ఆ మాట వినగానే నేనేం చేశానో చెప్పనా? పక్కనున్న పాల డెయిరీ కుర్రాడి బుగ్గ మీద ముద్దు పెట్టాను. వాడు తుడుచుకున్నాడు. నీ అంకె నీకు వచ్చేసింది. గవర్నరు బతికాడు. హాల్లోనే గెంతులు వేశాను, ఈ మోకాలితో.

అప్పుడు హేజల్ లేచింది. "ఆగండి టీచరమ్మా, లోర్నాను లెక్కపెట్టారా? నా కోటు కింద కూర్చుంది, మీకు కనబడినట్టు లేదు."

బెర్నడీన్ పేర్ల కాగితం చూసింది. డెబ్బై నాలుగు సంతకాలు. మళ్ళీ సుద్దముక్క తీసింది. డెబ్బై నాలుగుకు పదిహేను శాతం కడితే పదకొండు కన్నా ఒక పిసరు ఎక్కువ. ఆ పిసరు కోసం మనిషిని ముక్క చేయలేం కదా, నిండు మనిషి కావాలి. "ఇప్పుడు పన్నెండు ఉండాలి" అంది.

నాకు ఏమీ భయం వేయలేదు. నవ్వుతూనే ఉన్నాను. "ఆవిడ మా ఆవిడే కదా టీచరమ్మా! మా వైపు రాసుకోండి. పన్నెండు!"

"అలా రాయకూడదు ఓరిన్ గారూ. తనే చెప్పాలి." బెర్నడీన్ అమ్మ ముందు వంగి, బడి పిల్లను అడిగినంత మెల్లగా అడిగింది. "లోర్నా, నువ్వు ఏ మూల?"

అమ్మ బాగున్న చెయ్యి ఎత్తింది. నా వైపు చూపిస్తుందని నేను రెండు చేతులూ చాచాను. ఆ చెయ్యి పైకి పోయి, తన తల మీద గోడకు అంటించిన కెస్లర్ పేరు దగ్గర ఆగింది.

"ఇక్కడ" అంది.

చేతులు చాచినవి అలాగే ఉన్నాయి. ఎవరో దగ్గారు. డెయిరీ కుర్రాడు నెమ్మదిగా నా చేతులు కిందికి దించాడు.

లెక్క నీకు వెంటనే తట్టి ఉంటుంది. నాకు రెండు నిమిషాలు పట్టింది. అమ్మను ఇంట్లో ఉంచి వచ్చి ఉంటే, హాల్లో డెబ్బై ముగ్గురే. నా పదకొండు మందీ చాలేవాళ్ళు. నీ గవర్నరు నిలిచేవాడు. నేనే కోటు తొడిగి, గుండీలు పెట్టి, దుప్పటి కప్పి, నా చేతులతో నీ అంకెను చెడగొట్టాను.

తర్వాత వేరే మూలల వాళ్ళను మార్చుకోవడానికి కాస్త సమయం ఇస్తారు కదా. ఒక్క మనిషి! ఎవరి కాళ్ళు పట్టుకోలేదనుకున్నావు? మేయర్ డ్వైర్ మూలకు పోయాను, వాళ్ళు నన్ను చూసి చేతులు కట్టుకున్నారు. ఎటూ తేల్చుకోని వాళ్ళ మూలలో ఓ మొగుడూ పెళ్ళామూ ఉన్నారు, కొత్తగా వచ్చిన వాళ్ళు. "మీలో ఒక్కరు వస్తే చాలు" అన్నాను. ఆవిడ, "మేం ఒకరిని వదిలి ఒకరం వెళ్ళం తాతగారూ" అంది. గోడ దగ్గర ఎమ్మెట్ పంది రక్తం చేతులతో నిలబడి, "నేనున్నాను కదరా, నన్ను లెక్కపెట్టండిరా" అని గొణుగుతూనే ఉన్నాడు. కిటికీ అద్దం అవతల పడిపోతున్న వస్తువును చూస్తూ నిలబడినట్టుంది తల్లీ. చేతికి అందేంత దగ్గర, పట్టుకోవడానికి మాత్రం లేదు.

ఇక మిగిలింది మీ అమ్మే. హాలు మధ్యలో నిలబడి పిలిచాను. సిగ్గు వదిలేసి, అందరి ముందూ.

"లోర్నా! ఒక్కసారి రావే! మరెన్ కోసం. కాస్త దూరమే. నేను పట్టుకుంటాను, రా."

అమ్మ నా వైపు చూసింది. పెళ్ళికి ముందు నాట్యాల హాల్లో చూసిన చూపు అది, "నువ్వేనా నన్ను అడిగేది" అన్న చూపు. కర్ర గట్టిగా నేలకు ఆనించింది. హేజల్ సాయానికి చెయ్యి ఇవ్వబోతే తోసేసింది. తనంతట తను లేచి నిలబడింది. నాకు ఆశ పుట్టింది. నిలబడి, నోరు తెరిచి, ముందు ఒకటి, తర్వాత ఒకటి, తడబడకుండా అంది.

"నువ్వే రా, ఓరిన్. కాళ్ళున్నది నీకు."

మరెన్! ఎన్ని మాటలు! వరసగా! వాక్యాలు తల్లీ, నిండు వాక్యాలు, అందులో ఎత్తిపొడుపు కూడా! హాలంతా పగలబడి నవ్వింది. చప్పట్లు కొట్టారు. హేజల్ ఏడుస్తోంది. బెర్నడీన్ సుద్దముక్క చేతిలో పట్టుకుని మరిచిపోయింది. నేను ఏం చేస్తున్నానో నాకు తెలియదు. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో, ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి నీ గవర్నరు పేరున్న కాగితమే దొరికింది, క్షమించు.

నువ్వు ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యంగా అడిగింది ఇది కదా, ఒకవేళ నిలవకపోతే మన వాళ్ళు ఎవరి మూలకు పోయారో ఒక్కొక్కరి గురించీ రాయి, ఎందుకో కూడా రాయి, న్యూ హాంప్‌షైర్‌కు పనికొస్తుంది అని. రాస్తున్నాను. మన పదకొండు మందిలో ముగ్గురు టోపీలు పెట్టుకుని ఇంటికి పోయారు. నలుగురు మేయర్ డ్వైర్ మూలకు పోయారు. ఎందుకంటే మంచులో వాళ్ళను తీసుకొచ్చిన వ్యాను ఆ మూల పెద్దమనిషిది, తిరిగి ఇంటికి పోవాలి కదా. ముగ్గురు కోపంతో ఎటూ తేల్చుకోని వాళ్ళలో కలిశారు, డెయిరీ కుర్రాడు వాళ్ళలో ఒకడు. అది పది.

పదకొండో వాడి గురించి ఇంతవరకూ దాచాను. చెప్పక తప్పదు. వాడు నేనే. నేను కెస్లర్ మూలకు పోయాను. వార్డులో నీ మనిషిని, గుండె మీద నీ గవర్నర్ పేరు గుచ్చుకున్నవాణ్ణి, నీ పోటీదారు లెక్కలో ఒక తలనయ్యాను. రాజకీయం ఏమీ లేదమ్మా. లేచి నిలబడ్డ అమ్మ కాలు వణుకుతోంది. కూర్చోమంటే కూర్చోవడం లేదు, నేను వచ్చేదాకా కూర్చోనన్నట్టు చూస్తోంది. పోయి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడే బెర్నడీన్ మళ్ళీ లెక్కపెట్టింది. నా మీద చెయ్యి వేసి, "ఓరిన్ గారూ, మిమ్మల్ని ఇక్కడ రాయమంటారా?" అంది. నేను అమ్మ చెయ్యి వదిలి అయినా పోవాలి, లేదా తల ఊపాలి. ఊపాను. గుండె మీది ఆ పేరు బిళ్ళ తీసి జేబులో పెట్టుకున్నాను. అది నా దగ్గరే ఉంది. ఇంటికొచ్చి నీ ఫోటో ముందు పెట్టాను.

పొద్దున టీవీలో మీ గవర్నరు మాట్లాడటం మళ్ళీ వేశారు. వెనక నిలబడ్డ గుంపులో ఒక మూల నువ్వు. కాగితాలు గుండెకు ఆనించుకుని నేల చూస్తున్నావు. అమ్మే ముందు చూసింది. "మరెన్" అని లేచి పోయి తెర మీద చెయ్యి పెట్టింది. ఆ లోపే బొమ్మ మారిపోయింది, ఎవడో ఎరువుల గురించి చెబుతున్నాడు. ఆ చెయ్యి ఎరువుల వాడి మొహం మీద ఉండిపోయింది. ఇక్కడినుంచి నీకేం చేయగలం? ఏమీ చేయలేం. ఉన్న రెండు తలలూ పోయి అవతలి మూలలో నిలబడ్డాయి.

అప్పుడు అడిగాను, నాకు తెలుసుకోవాలని ఉండి. "లోర్నా, కెస్లర్ వైపు ఎందుకు నిలబడ్డావు?" హీటరు దగ్గర వెచ్చగా ఉందని అంటుందేమో అనుకున్నాను. నీ పట్టికలో అది ఎక్కడ రాస్తావా అని కూడా ఆలోచించాను.

అమ్మ చాలాసేపు వెతికింది. మాట దొరికాక నా కళ్ళలోకి చూస్తూ అంది.

"హేజల్ అడిగింది."

"నేను అడగలేదా?"

"లేదు."

అబద్ధం కాదు తల్లీ. ఊళ్ళో ప్రతి తలుపూ తట్టాను. పంది ఈనుతున్న వాడి తలుపు కూడా రెండుసార్లు తట్టాను. మన ఇంటి వంటింట్లో మాత్రం ఏమీ అడగలేదు. కోటు గుండీలు పెడుతున్నప్పుడైనా అడగలేదు. ఆవిడ మా ఆవిడ అనుకున్నాను. నా పదమూడు మందిలో అందరికన్నా గట్టి మనిషి ఆవిడే అనుకున్నాను. పైగా మాటలు రావని అనుకున్నాను. జవాబు చెప్పలేని మనిషిని ఏం అడుగుతాం? హేజల్ అడిగిందట. ప్రతి రోజూ కాఫీ పోస్తూ, "నీకెవరు కావాలి లోర్నా, నీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగేదట. అమ్మ కాదు, కాదు అంటుంటే, కాదంటే మరెవరని అడిగేదట.

నువ్వు తర్వాత ఏం చేయాలో నేను చెప్పలేను. నాలుగంటే ఇంకో వారమే బతుకు అని నువ్వే రాశావు. నువ్వు కట్టిన లెక్క తప్పదు, మీ నాన్న తప్పినా. మంగళవారం దాకా ఉంటావో, ముందే మూటలు సర్దుతారో, ఇంకెవరి దగ్గరైనా చేరతావో. ఏది చేసినా నాకు గొప్పే. గవర్నరు ఓడినందుకు బాధపడదామని పొద్దుటినుంచీ ప్రయత్నిస్తున్నాను. నీ మొహం గుర్తు తెచ్చుకుంటే ఏడుపొస్తుంది, అంతలో వంటింట్లోంచి గిన్నె చప్పుడు వినబడుతుంది, మళ్ళీ నవ్వొస్తుంది. నీ కష్టం మధ్యలో ఇలా నవ్వుతున్నందుకు నన్ను తిట్టుకో. నాకు ఆపుకోవడం చేతకావడం లేదు.

ఇక నీ ప్రశ్నకు జవాబు. ఇన్నాళ్ళూ ఉత్తరం చివర "అమ్మ అడిగినట్టు చెప్పమంది" అన్నది నేనే రాసేవాణ్ణి. అమ్మ ఎప్పుడూ అనలేదు. అడుగుతుందని నాకు నేనే అనుకుని రాశాను.

ఇప్పుడు కలం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, ఈసారి మాత్రం అడిగాను. "మరెన్‌కు రాస్తున్నా లోర్నా. నువ్వేమైనా చెప్పాలా?" అమ్మ ఒంటి చేత్తో గుడ్డు పగలగొడుతోంది. పెంకు సగం పెనంలో పడింది. దాన్ని తీస్తూ, నా వైపు చూడకుండా, తీరిగ్గా చెప్పింది. అన్నది అన్నట్టే రాస్తున్నాను, ఒక్క మాట కలపలేదు.

"తిన్నదా అని అడుగు."

అమ్మ అడుగుతోంది తల్లీ.

ఇట్లు,
నిన్ను తలుచుకుని ఒక కంట నవ్వుతూ, ఒక కంట తుడుచుకుంటూ,
మీ నాన్న ఓరిన్.